బుధవారపు బోదెలు

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్ళేటప్పటికి నేను మా తోట మడి గేటుకు అడ్డంగా, చేతిలో పారతో నిలబడి ఉన్నాను. ఇంకా అక్కడే ఉన్నాను. నాకు ఎదురుగా, ట్రాలీ మీద చేతి టిల్లరును కట్టుకుని వచ్చిన మా మరదలు కూడా అక్కడే ఉంది. ఇద్దరం కదలడం లేదు. పైన మబ్బులు మాత్రం కదులుతున్నాయి.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా భార్య పోయి ఎనిమిది నెలలైంది. రైలు కట్ట పక్కన మునిసిపాలిటీ వాళ్ళు అద్దెకిచ్చే తోట మడుల్లో పదకొండో నంబరు ఆమెది. పెళ్ళయి వస్తూ పుట్టింటి నుంచి ఒక బుట్టెడు బంగాళాదుంపలు తెచ్చుకుంది. ఊదారంగు తోలు, వేలెడు పొడవు, ఉడికిస్తే నవ్వినట్టు పగులుతాయి. ఏ బజారులోనూ దొరకవు. ముప్పై మూడేళ్ళుగా ప్రతి ఏడూ పండించింది, ప్రతి ఏడూ విత్తనం తీసి దాచింది. చివరిసారి దాచిన బుట్ట షెడ్డులో నాకు దొరికింది. అందులో మంచివన్నీ ఏరి నాటాను. ఆరు సాళ్ళు, నూట డెబ్బై మూడు మొక్కలు. లెక్కపెట్టకుండా ఉండలేను, నిరుటి దాకా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు లెక్కపెట్టిన మనిషిని. రైలు కట్టకు అవతల వీధిలో ఉన్న మా అన్నయ్యతో నాకు తొమ్మిదేళ్ళుగా మాటల్లేవనీ, దానికి కారణం ఒక గోడ అనీ కూడా మొదటి వారాల్లో చెప్పాను. ఆ సంగతికి ఇవాళ పని లేదనుకుంటున్నాను.

ఇవాళ్టి పని మట్టిది. మొక్కలు జానెడు దాటాయి. ఇప్పుడు సాలుకు రెండు వైపులా మన్ను ఎగదోసి, మొక్క మొదలు కప్పేలా బోదె కట్టాలి. కట్టకపోతే దుంపలు పైకి తేలతాయి. తేలిన దుంప ఎండకు పచ్చబడుతుంది, వానకు కుళ్ళుతుంది, మిగిలినదాన్ని పురుగు తొలుస్తుంది. వచ్చే ఏడాదికి విత్తనం ఉండదు. సాయంత్రానికి పెద్ద వాన అని రేడియో పొద్దున్నుంచీ చెబుతోంది. నేను రెండు రోజులు కష్టపడి ఒకటిన్నర సాలు చేశాను. ఆ తర్వాత నా కుడి భుజం నా మాట వినడం మానేసింది.

“జరుగు బావా,” అంది మరదలు.

“జరగను.”

“పారతో కొడతావా ఏంటి?”

“ఇది కొట్టడానికి కాదు. ఆనుకోవడానికి.”

“కనిపిస్తూనే ఉంది. ఒక పక్కకి ఒరిగిపోయి, పాడైపోయిన త్రాసులా ఉన్నావు.”

మా మరదల్ని వీధి వీధంతా స్పానర్ అనే పిలుస్తుంది. పంపులూ, గడ్డికోత మెషీన్లూ, టిల్లర్లూ బాగుచేసే షాపు ఆమెది. నేను మొదటిసారి చూసినప్పుడు పద్నాలుగేళ్ళ పిల్ల, మా పెళ్ళి ఫొటోలు తీస్తున్నవాడి కెమెరా విప్పేసి తిట్లు తింటోంది. ఇప్పుడు యాభైకి దగ్గర పడింది. గోళ్ళలో నలుపు మాత్రం అప్పటిదే.

“చూడు స్పానరూ, మీ అక్క ముప్పై మూడేళ్ళు ఈ బోదెలు చేత్తో కట్టింది. కట్టి, పైన అరచేత్తో అద్దేది. సాలు పొడుగునా ఆమె చెయ్యి అచ్చులు పడి ఉండేవి. కాలేజీలో అందరినీ ఆదివారాలు తీసుకొచ్చి చూపించేవాణ్ణి. ప్రిన్సిపాల్ గారు వంగి ఆ అచ్చులో తన చెయ్యి పెట్టి చూశారు.”

“తెలుసు. ఆయన చెయ్యి పట్టలేదు. ఆ ముచ్చట అక్క నాకు వందసార్లు చెప్పింది.”

“చివరి ఏళ్ళల్లో ఆమె మణికట్టు వాచి ఉండేది. పాల గిన్నె దించలేకపోయేది. అయినా నేను జనాన్ని తీసుకురావడం మానలేదు. ఆమె కట్టడం మానలేదు.” “అంత నొప్పితో ఆమె చేసిన పనిని నేను ఇప్పుడు పెట్రోలు పోసి చేయించుకోవాలా?”

ఎనిమిది నెలలుగా నేను మోస్తున్నది ఇదీ. ఎవరితోనూ అనలేదు. భుజం విరిగినా సరే ఈ ఆరు సాళ్ళూ చేత్తోనే కట్టాలని నాటిన రోజే అనుకున్నాను. అలా చేస్తే ఏదో తీరుతుందని నమ్మకం.

స్పానర్ నా మొహం వంక చూసింది. ఏదో అనబోయి, ట్రాలీ తాడు ముడి సర్దింది. అవసరం లేని ముడి అది.

పక్క మడిలో టైలరుగారు ముల్లంగి మొక్కల మధ్య కూర్చుని ఉన్నారు. ఎనభయ్యో పడిలో ఉన్నారు, దుకాణం మూసేసి చాలా ఏళ్ళయినా మెడలో కొలత టేపు మాత్రం తీయరు. కూరగాయల్ని కూడా కొలుస్తారు. మా మాటలు వినడం లేదన్నట్టు చాలా శ్రద్ధగా వింటున్నారు.

“అయినా, ఇది ఈ మడిలో పట్టదు,” అన్నాను. వాదనలో మనసు ఓడిపోతున్నప్పుడు మనిషి కొలతల్లోకి దిగుతాడు. “చేతిపారకి నాటిన సాళ్ళివి. నీ బండి వెళితే సగం మొక్కలు చక్రాల కింద ఉంటాయి.”

“ఏ కొలతతో నాటావు?”

“ఇంకే కొలత ఉంది? మీ అక్క తాడు.”

ఆ తాడు షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉంటుంది. మడి తలాపున ఈ చివరి నుంచి ఆ చివరికి లాగి కట్టాలి, ముడి ఉన్న చోటల్లా ఒక సాలు మొదలవ్వాలి. ఆమె పద్ధతి అది. ఆ ముడులు నేను భక్తిగా పాటించాను.

“అక్క తాడుతో నాటితే పట్టక చస్తుందా?” అంది స్పానర్. అన్నాక నాలుక కరుచుకుంది.

టైలరుగారు దగ్గారు. ఆ దగ్గులో జలుబేమీ లేదు.

“అంటే?” అన్నాను.

“అంటే ఏం లేదు. పందెం వేద్దాం బావా. ఇంజను ఆపే ఉంచుతా. ఉత్త బండిని తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్తా. ఒక్క ఆకు నలిగినా ట్రాలీకెక్కించి ఇంటికెళ్ళిపోతా. మళ్ళీ మాట్లాడను.”

నేను గేటు వదిలాను. పందెం గెలుస్తానన్న ధీమాతోనే వదిలానని ఒప్పుకోవాలి.

ఆమె బండిని దించింది. చిన్నదే, బియ్యం బస్తా అంత ఉంటుంది. ముందు రెండు ఇనప చక్రాలు, మధ్యలో ఇంజను, వెనక బోదె నాగలి. ఆ నాగలికి పక్షికున్నట్టు రెండు రెక్కలు, మన్నును ఇటు కొంత అటు కొంత తోయడానికి. దాన్ని మూడో సాలుకూ నాలుగో సాలుకూ మధ్య నిలబెట్టి, నా వైపు చూడకుండా తోసుకుంటూ వెళ్ళింది.

నేను వంగి నడుస్తూ వెంట వెళ్ళాను. చక్రానికీ మొక్కకీ మధ్య ఎడమవైపు నా రెండు వేళ్ళు పట్టాయి. కుడివైపూ రెండు వేళ్ళు పట్టాయి. చివరిదాకా అంతే. ఒక్క ఆకు నలగలేదు. పక్క సందులోనూ అంతే. ఆ పక్కదానిలోనూ అంతే. కొలిచి కుట్టించిన చొక్కాలోకి చెయ్యి దూరినట్టు దూరింది ఆ బండి.

చివర నిలబడి స్పానర్ వెనక్కి తిరిగింది. గెలిచిన మనిషి మొహం కాదది.

నాకు మెల్లగా గుర్తొచ్చింది. నాలుగేళ్ళ కింద మడిలో ఏడు సాళ్ళుండేవి. మరుసటేడు ఆరయ్యాయి. ఎందుకని అడిగితే ఆమె, “ఒళ్ళు పెరుగుతోందండీ, నడవడానికి దారి ఉండొద్దా?” అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంతకీ ఆమె ఒళ్ళు ఏ ఏడూ పెరగలేదు.

“ఎన్నేళ్ళు?” అన్నాను.

“మూడు.”

“మూడేళ్ళూ నీ బండేనా?”

“ఇదే బండి. అక్క దీన్ని చంటిదీ అని పిలిచేది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్తుంది బావా? ఆదివారం వస్తే నువ్వు నలుగురిని వెంటేసుకుని దిగేవాడివి. ఇదిగో చూడండి, చేత్తో కట్టిన బోదెలు, మా ఆవిడ చెయ్యి చూడండి అని. నీ మొహం అప్పుడు ఎలా ఉండేదో నువ్వు చూసుకోలేదు, అక్క చూసింది. ఆ మొహం చిన్నబుచ్చడం దానికి ఇష్టం లేదు. ‘ఏముందే, బండి తోలాక పైన నాలుగు చప్పట్లు చరిస్తే అచ్చులు పడతాయి, మీ బావ సంతోషిస్తాడు’ అనేది. బుధవారం నీకు లైబ్రరీ ఏడింటి దాకా కదా. బుధవారం మధ్యాహ్నం బండి తెచ్చేదాన్ని. గంటన్నర పని. నువ్వొచ్చేసరికి ఇంట్లో కూర్చుని మణికట్టుకి మందు రాసుకుంటూ ఉండేది.”

“మందు కూడా నాటకమేనా?”

“మందు నిజమే. నొప్పి నిజమే. ఆ నొప్పితోనే పార పట్టుకుందనేది ఒక్కటే అబద్ధం.”

కంచె అవతల టైలరుగారు లేచి నిలబడ్డారు. లేవడానికి ఆయనకు కొంచెం సమయం పడుతుంది. మేము ఆగాం.

“మాస్టారూ, చెప్పకపోతే నా తప్పు అవుతుంది. ఆ తాడు ముడులు నేనే వేశాను. మీ ఆవిడగారు బండిని ఇక్కడ నిలబెట్టి కొలవమన్నారు. టేపుతో కొలిచాను. చక్రాల వెడల్పుకి, రెండు వైపులా అంగుళన్నర చొప్పున వదిలాను. కుట్టుకి వదిలినట్టే. తడిస్తే తాడు కుంచించుకుపోతుందని ఇంకో అరంగుళం కలిపాను.”

“మీకూ తెలుసా?”

“ఈ వరసలో అందరికీ తెలుసండీ. మీరు ముందుగా వస్తే గేటు దగ్గర ఈల వెయ్యడం నా డ్యూటీ. ఒకసారి వేశాను కూడా. మీరు నా పక్కన నిలబడి ‘ఈ వయసులో కూడా ఎంత హుషారుగా ఉన్నారు’ అన్నారు.”

నాకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. మూడేళ్ళు ఈ పదిహేను మడుల వాళ్ళందరూ నన్ను చూసి నవ్వుకున్నారని. ఆదివారాలు నేను తీసుకొచ్చిన లెక్చరర్ల ముందు ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని వినయంగా నిలబడటం గుర్తొచ్చింది. ఆ వినయం కింద ఎంత నవ్వు ఆపుకుందో. మడి గట్టు మీద బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చున్నాను. ఎవరూ నన్ను పలకరించలేదు. ఆ మాత్రం మర్యాద తెలిసినవాళ్ళే ఇద్దరూ.

కూర్చున్న కాసేపటికి ఒక లెక్క నా బుర్రలోకి దానంతట అదే వచ్చింది. ఆరు సాళ్ళు. సాలుకు రెండు వైపులు. ఒక్కో వైపు పార వందసార్లు తగ్గకుండా పడాలి. ఏడాదికి పన్నెండు వందలు. మూడేళ్ళు. అంటే మూడు వేల ఆరు వందల సార్లు ఆమె మణికట్టు పార దెబ్బ తినలేదు. ఎనిమిది నెలలుగా మనసులో ఆమె చేత నేను కొట్టిస్తున్న దెబ్బలవి. ఒక్కటి కూడా పడలేదు. ఆ బుధవారాలు ఆమె ఈ బకెట్ మీదే కూర్చుని ఉంటుంది, చెల్లెలు బండి తోలుతుంటే చూస్తూ, చంటిదాన్ని తిడుతూ, నవ్వుతూ.

“ఆమె ఎక్కడ కూర్చునేది?” అడిగాను.

“నువ్వు కూర్చున్న చోటే. కూర్చుని అజమాయిషీ. వంకర పోతోంది, వంకర పోతోంది అని నా ప్రాణం తీసేది.”

నేను మొహం తుడుచుకున్నాను. నవ్వుతున్నానో ఏమో నాకే తెలియలేదు. టైలరుగారు మర్యాదగా ముల్లంగి వైపు తిరిగారు.

“సరేలే,” అన్నాను లేస్తూ. “చంటిదాన్ని నాకివ్వు.”

“నీ భుజంతోనా?”

“భుజంతో పనేముంది, లాగేది ఇంజనేగా.”

ఆమె స్టార్టర్ తాడు ఒక్క లాగు లాగింది. ఇంజను రెండుసార్లు తుమ్మి అందుకుంది. నా చేతులు తీసి పిడుల మీద పెట్టి, చెవి దగ్గరికొచ్చి అరుస్తూ పాఠం చెప్పింది. “క్లచ్ పిసక్కు బావా, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకో. చూపు చక్రం మీద వద్దు, సాలు చివర పెట్టు. అది లాగినప్పుడు నువ్వు లాగకు. దాని వెనక నడువు, అంతే.”

నడిచాను. మొదటి నాలుగడుగులు అది నన్ను నడిపించింది. తర్వాత ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నాగలి రెక్కల నుంచి మన్ను అటూ ఇటూ మెత్తగా పొర్లి మొక్కల మొదళ్ళ మీద పడుతోంది, చలికాలం పిల్లలకు దుప్పటి కప్పుతున్నట్టు. రెండు రోజుల్లో నేను చేసింది రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు సిగ్గేయలేదు. సంతోషమే కలిగింది.

తప్పు ఐదో సాలు చివర జరిగింది. బోదె ఎలా వచ్చిందోనని గర్వంగా వెనక్కి తిరిగి చూశాను. చంటిది ఆ సందు చూసుకుని కుడివైపు కొరికింది. ఒక మొక్క వేళ్ళతో సహా లేచి పడింది.

ఇంజను ఆపి వంగాను. కాండం మధ్యకు తెగింది. వేళ్ళకు గోలీలంత దుంపలు మూడు, ఊదారంగు ఇంకా సరిగా పట్టనివి, వేలాడుతున్నాయి. చేతిలోకి తీసుకుంటే తడిగా, చల్లగా ఉన్నాయి. అంతసేపూ ఉన్న ఉల్లాసం దిగిపోయింది.

“చూపు చివర పెట్టమన్నానా?” అంది స్పానర్, తిట్టే గొంతుతో కాదు.

“నూట డెబ్బై రెండు,” అన్నాను.

“ఒక్కటేగా బావా.”

“ఒక్కటే. కానీ ప్రపంచంలో ఈ విత్తనం ఇక్కడే ఉంది స్పానరూ. ఈ ఆరు సాళ్ళల్లోనే. వీటికేమన్నా అయితే ఇక లేదు. అందుకే లెక్కపెడుతున్నాను.”

ఆమె బండి పిడులు అందుకుంది. మిగిలిన సందు తనే తోలి ముగించింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మొదటి బోదె మీద అరచేత్తో అద్దడం మొదలుపెట్టాను. ఒక అచ్చు, దాని పక్కన ఇంకొకటి. మన్ను వెచ్చగా ఉంది. నా చెయ్యి పెద్దది, వేళ్ళు ఎడంగా పడుతున్నాయి. ఆమె అచ్చుల్లా లేవు, అయినా అచ్చులే. మూడేళ్ళు నన్ను సంతోషపెట్టడానికి ఆమె చేసిన పని ఎంత సుఖంగా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

ఆరో సాలు దగ్గరికి వచ్చేసరికి స్పానర్ నా పక్కన గొంతుక్కూర్చుంది. పాతగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటోంది. తుడిచిన వేలే మళ్ళీ తుడుస్తోంది.

“బావా, నూట డెబ్బై రెండు కాదు.”

“మళ్ళీ లెక్కపెట్టనా?”

“ఇక్కడ కాదు.” గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. “అక్క బుధవారం నా దగ్గర బండి తీసుకునేది ఒక్క మడికి కాదు. రెండింటికి. ఇక్కడ అయ్యాక ట్రాలీకి ఎక్కించి రైలు కట్ట దాటేవాళ్ళం. అక్కడా ఇదే విత్తనం. అక్కే ఇచ్చింది, మూడేళ్ళ కిందట. పెరట్లో నాలుగు సాళ్ళు.”

రైలు కట్టకు అవతల అనగానే నా చెయ్యి మన్నులో ఆగిపోయింది. అటు మాకు తెలిసిన పెరడు ఒక్కటే ఉంది. ఒక పక్క నా ఛాతీ ఎత్తున, ఇంకో పక్క తల ఎత్తున, సగంలో ఆగిపోయిన గోడ ఉన్న పెరడు.

“అన్నయ్య ఇంట్లోనా?”

“ఈసారి విత్తనం ఆయనే నాటుకున్నాడు. కింద కూర్చుని జరుగుతూ, రెండు వారాలు పట్టిందట. ఇప్పుడు మోకాళ్ళు మడవడం లేదు. నిన్న షాపుకి కబురు పెట్టాడు, ఇవాళ బుధవారం కదా, బండితో పాటు తోలే మనిషిని కూడా పంపమని.”

“నువ్వు తోలుతావుగా.”

“నాకు మూడింటికి పంపు బిగించే పని ఒప్పుకున్నా.” అబద్ధం చెప్పేటప్పుడు మా మరదలు కుడి చెవి రుద్దుకుంటుంది, పద్నాలుగేళ్ళప్పటి నుంచీ. ఇప్పుడూ రుద్దుకుంది. “మనిషి దొరికాడని చెప్పి పంపించా. ఎవరో చెప్పలేదు.”

దూరంగా ఉరిమింది. కంచె అవతల టైలరుగారు మెడలోంచి టేపు తీసి చుట్టలా చుడుతూ, ఎటో చూస్తూ అన్నారు.

“ఆ తాడు ఒకటి కాదు మాస్టారూ. ఆ రోజు రెండు కొలిచి ఇచ్చాను.”

గడియారం చూశాను. రెండు దాటి పది నిమిషాలు. వాన రావడానికి ఇంకా సమయం ఉంది. మన్నంటిన చేతులతోనే లేచి, ట్రాలీ పిడి పట్టుకున్నాను. బండి ఎక్కించడానికో, స్పానర్‌కు అప్పజెప్పి ఇంటికి వెళ్ళిపోవడానికో, పట్టుకున్న ఆ క్షణంలో నాకే తెలియదు.